అమ్మ అరికాలు

పొద్దున ఎనిమిదింటికే ఓపీ చీటీ రాయించుకుని చర్మం డాక్టరమ్మ గది ముందు కూర్చున్నాం. "మచ్చ చూపించుకోను ఆసుపత్రికొస్తారామే ఎవరైనా?" అని దారి పొడుగునా అమ్మ సణుగుతూనే ఉంది.

పోయిన నెల అలిపిరి మెట్ల దారిన కొండకు పోయొచ్చాక అమ్మ కాళ్ళకు నూనె రాస్తూ చూశాను. ఎడమ అరికాల్లో, మడమ పక్కన. వట్టి కాళ్ళతో 3,550 మెట్లు ఎక్కింది కదా, ఆనికాయేమో అంది. కాదు. అది పాత పుట్టుమచ్చే. అరికాల్లో మచ్చుంటే ఊళ్ళు తిరుగుతారని అవ్వ చెప్పేది, అందుకే నాకు బాగా గుర్తు. అప్పుడు మినపగింజంత ఉండేది. ఇప్పుడు శనగగింజంతైంది. ఒక పక్క నలుపు, ఇంకో పక్క గోధుమ రంగు, అంచేమో తడి కాగితం మీద సిరా పాకినట్టు. అయినా నెల రోజులు ఊరుకున్నాను. ఆ నెల గురించే నాకు బాధ.

డాక్టరమ్మ లైటున్న చిన్న భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. మచ్చల్లో ఎక్కువ భాగం ఏమీ చేయవట. రెండు సగాలు ఒకలా లేకపోయినా, అంచు వంకరలు పోయినా, రంగులు కలిసినా, 6 మిల్లీమీటర్లు దాటినా చూపించుకోవాలంది. అన్నిటికంటే ముఖ్యం, మారుతోందా లేదా అన్నది. దురద పెట్టినా, నెత్తురు కారినా ఆగకూడదట. మనలాంటి చామనఛాయ వాళ్ళకు మెలనోమా అనే చర్మ క్యాన్సర్ వస్తే ఎక్కువగా అరికాళ్ళలో, అరచేతుల్లో, గోళ్ళ కిందే వస్తుందట. గోరులో నిలువుగా నల్లచార వచ్చి వెడల్పవుతున్నా చూపించాలట. ఎండ తగలని చోటు కదా అని నేను ధైర్యంగా ఉన్నాను ఇన్నాళ్ళూ!

సున్నం పెట్టి కాల్చేద్దామనుకున్నానని అమ్మ మెల్లగా చెప్పింది. "ఆ పని మాత్రం ఎప్పుడూ చేయొద్దమ్మా, పరీక్షకు ముక్క కూడా మిగలదు" అంది డాక్టరమ్మ.

మత్తు సూది వేసి మచ్చ మొత్తం తీసి బయాప్సీకి పంపారు. అదే అయినా, లోతుకు పోకముందే తీసేస్తే నయమయ్యే అవకాశం చాలా ఎక్కువని చెప్పింది. ఆ మాటే పట్టుకుని ఉన్నాను. టెన్షన్ మాత్రం తగ్గలేదు.

ఇంటికొచ్చి అమ్మ కుడికాలు, చేతులు, గోళ్ళు అన్నీ టార్చి వేసి చూశాను. తర్వాత అమ్మ నా కాలు ఒళ్ళోకి లాక్కుంది. కళ్ళద్దాలు పెట్టుకుని వేళ్ళ సందులు కూడా విడదీసి చూసింది.

రిపోర్టు వచ్చే శుక్రవారం.