‘గ్రాండ్’ అంటే రెండో నంబర్

2013 సెప్టెంబర్‌లో ఎమ్మెస్సీ చదవడానికి డబ్లిన్ వెళ్లాను. స్టూడెంట్ వీసా మీద క్లాసులున్న రోజుల్లో వారానికి ఇరవై గంటలు పని చేసుకోవచ్చు. పని దొరికితేనే ఆ మాట. మా ఇంట్లో ఉండే ఇద్దరమ్మాయిలు రెజ్యూమెలు పట్టుకుని సిటీ అంతా తిరిగొచ్చారు, కాఫీ షాపుల్లో కూడా ఖాళీల్లేవు. దేశంలో నిరుద్యోగం అప్పటికింకా 12 శాతం పైనే. నాకు మాత్రం నవంబర్‌లో ఒక ఫోన్ సర్వే కంపెనీలో సాయంత్రం షిఫ్ట్ దొరికింది, ఐదింటి నుంచి తొమ్మిదింటి దాకా. తలకి హెడ్‌సెట్, ఎదురుగా స్క్రీన్. కంప్యూటరే ఏదో ఒక నంబర్ కలుపుతుంది, అవతల ఎవరో ఎత్తుతారు, స్క్రీన్ మీద ఉన్నది ఉన్నట్టు చదవాలి. సొంత మాట ఒక్కటి కలపకూడదు.

తెనాలిలో మా నాన్నకి బట్టల కొట్టు. ఉద్యోగం సంగతి చెప్పగానే, “ఇంత ఖర్చు పెట్టుకుని వెళ్లి ఫోన్లు చేస్తున్నావా అమ్మా?” అన్నాడు.

“జనం దగ్గర కొనే ధైర్యం ఉందా లేదా అని అడుగుతాం నాన్నా.”

“దానికి ఫోనెందుకు? బేరమాడేవాడు కొంటాడు. చీర విప్పించుకుని, ధర కూడా అడక్కుండా లేచిపోయాడంటే వాడి దగ్గర డబ్బుల్లేనట్టు.”

నాన్న చెప్పినదానికి ఆర్థికశాస్త్రంలో పేరు ‘కన్స్యూమర్ సెంటిమెంట్’. మనకేమో సెంటిమెంట్ అంటే మంగళవారం కొత్త పని మొదలుపెట్టకపోవడం, పిల్లి ఎదురొస్తే కాసేపు ఆగి వెళ్లడం. థీసిస్ టాపిక్ ‘ఐరిష్ కన్స్యూమర్ సెంటిమెంట్’ అని చెబితే మా అత్తయ్య, వాళ్లకీ సెంటిమెంట్లుంటాయా అని అడిగింది. ఉంటాయి, ఆ సంగతి తర్వాత.

ఐర్లండ్‌లో ఈ కొనే ధైర్యాన్ని అంకెలో చెప్పే సూచీల్లో పేరున్నది 1996 నుంచి నడుస్తున్నది. నేను వెళ్లేనాటికి దాన్ని కేబీసీ బ్యాంక్, ఈఎస్ఆర్ఐ అనే పరిశోధన సంస్థ కలిసి ఇచ్చేవి. కేబీసీ అంటే కోటి రూపాయల టీవీ ఆట అనుకునేరు, అది బెల్జియం బ్యాంకు. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ వేసిన బాటలోనే దానిలో ఐదు ప్రశ్నలు. ఏడాది కిందటితో పోలిస్తే మీ ఇంటి డబ్బు పరిస్థితి ఎలా ఉంది? వచ్చే ఏడాదికి ఎలా ఉంటుంది? దేశం ఆర్థికంగా ఎటు పోతుంది? నిరుద్యోగం పెరుగుతుందా, తగ్గుతుందా? ఇంట్లోకి పెద్ద వస్తువులు కొనడానికి ఇది మంచి సమయమేనా? నేను పనిచేసింది ఆ సర్వేకి కాదు. మా కంపెనీ ఇలాంటి ప్రశ్నలనే దుకాణాలవాళ్ల కోసం అడిగేది.

లెక్క చిన్నదే. వందమందిలో ఇరవైమంది బాగుపడిందని, యాభైమంది పాడైందని అంటే, ఇరవైలోంచి యాభై తీసేసి వంద కలుపుతాం. డెబ్భై వస్తుంది. మిగిలిన ముప్ఫైమంది ‘అలాగే ఉంది’ అన్నవాళ్లు. వాళ్లు లెక్కలోకే రారు. ఈ ముక్క మొదట్లో నాకు పట్టలేదు. తర్వాత నా థీసిస్ అంతా ఆ ముప్ఫైమంది చుట్టూనే తిరిగింది.

మొదటి నెలంతా తిట్లు తినడమే. నా గొంతు వినగానే సగంమంది, “ఇండియా నుంచి చేస్తున్నావా?” అనేవాళ్లు. కాదండీ, డబ్లిన్ నుంచే అంటే నమ్మకం కుదరదు. ఒక పెద్దావిడ నాకు పరీక్ష కూడా పెట్టింది. “అయితే చెప్పు, ఇప్పుడక్కడ వానా, ఎండా?” కిటికీలోంచి చూసి, సన్నగా తుంపర పడుతోందండీ అన్నాను. “సరే, అడుగు” అంది. ఆ రోజు నుంచి ఫోన్ కలపబోయే ముందు ఒకసారి కిటికీ వైపు చూడటం అలవాటైంది.

అసలు తప్పు డిసెంబర్ మొదట్లో బయటపడింది. మా టీమ్ లీడర్ కార్క్ నుంచి వచ్చినావిడ, నలభై ఏళ్లుంటాయి. నన్ను పక్కకి పిలిచి స్క్రీన్ చూపించింది. ఆ వారం మొత్తం టీమ్‌లో నేను మాట్లాడిన జనమే అందరికన్నా సంతోషంగా ఉన్నారు! అవే కౌంటీలు (అక్కడి జిల్లాలు), అవే వయసులు, ఎలాంటివాళ్లు ఎంతమంది కావాలనే కోటాలూ అవే. ఐర్లండ్ మాంద్యం నా హెడ్‌సెట్‌లోకి మాత్రం రాలేదన్నమాట.

రికార్డింగులు పెట్టి విన్నాం. ఏడాది కిందటితో పోలిస్తే ఎలా ఉందని నేను అడుగుతున్నాను. అవతలివాళ్లు “ఆ, గ్రాండ్” అంటున్నారు. నేను ఒకటి నొక్కుతున్నాను. ఒకటంటే మెరుగు, రెండంటే అలాగే, మూడంటే అధ్వానం. గ్రాండ్ అంటే మనకి ఘనం కదా, గ్రాండ్‌గా పెళ్లి చేశారంటాం, గ్రాండ్ సక్సెస్ అని పోస్టర్లేస్తాం. ఐర్లండ్‌లో గ్రాండ్ అంటే ‘పర్లేదు’, ‘సరే’, ‘ఇక ఆ సంగతి వదిలెయ్’. బస్సులో కాలు తొక్కి సారీ చెప్పినా గ్రాండ్ అనే అంటారు.

ఆవిడ ఇంకో రికార్డింగ్ పెట్టింది. అందులో ఒకాయన “నాట్ టూ బ్యాడ్” అన్నాడు. నేను రెండు నొక్కాను. నిజానికి ఆయన గొంతులో ఉత్సాహం ఉంది, కొత్త పని దొరికినట్టుంది. ఆయన ఒకటి అయ్యుండొచ్చు. “నువ్వు ఊహించకూడదు, నేనూ ఊహించకూడదు” అంది ఆవిడ. “మూడు మాటలూ మళ్లీ చదివి వినిపించు. వాళ్లే ఏరుకుంటారు.” ఆ వారం నేను చేసిన ఇంటర్వ్యూలన్నీ తీసేశారు. జీతం కోయలేదు, అదే పదివేలు.

నిజానికి నాకా మాటలు అర్థం కాకపోవడమే విడ్డూరం. మా ఊళ్లో ఎవర్ని ఎలా ఉన్నారని అడిగినా “ఏదో, ఇలా ఉన్నాం” అంటారు. కోటి రూపాయల పొలం అమ్మినవాడూ అంతే, అప్పులవాళ్లకి భయపడి వెనక దొడ్డి గుమ్మంలోంచి వెళ్లేవాడూ అంతే. బాగున్నామంటే దిష్టి, బాగోలేదంటే చులకన. ఐరిష్ వాళ్లదీ ఇదే బాపతు.

మూడు మాటలూ మళ్లీ చదివి వినిపించడం మొదలుపెట్టాక నా అంకెల వరస మారింది. 2013 డిసెంబర్ 15న ఐర్లండ్ బెయిలవుట్ నుంచి బయటపడింది. 2010 చివర్లో యూరప్, ఐఎంఎఫ్ కలిసి ఇచ్చిన ఆ ఆర్థిక సాయం ప్యాకేజీ మొత్తం 85 బిలియన్ యూరోలు. అందులో 17.5 బిలియన్లు ఐర్లండ్ సొంత డబ్బే. ఎవరికైనా సాయం చేస్తూ వాళ్ల చిల్లర కూడా సంచిలో వేసి మొత్తం చెప్పడం లాంటిది, దీని మీద ఫోన్‌లోనే చాలామంది విసుక్కునేవాళ్లు. ఆ నెలలో దేశం సంగతి అడిగితే ఒకట్లు బాగానే పడ్డాయి. నిరుద్యోగం తగ్గుతుందనేవాళ్లూ పెరిగారు. మీ ఇంట్లో ఎలా ఉందని అడిగేసరికి గొంతు దిగిపోయేది. దేశం బాగుపడిందట, మా ఇల్లు ఇంకా లేదు, అని చెప్పేవాళ్లు. 2011లో వచ్చిన యూనివర్సల్ సోషల్ ఛార్జ్ అనే పన్ను జీతంలోంచి కోత కోస్తూనే ఉంది, 2013లో ఇంటి పన్ను కొత్తగా మొదలైంది. అంకెల్లో రికవరీ దేశానికి ముందొచ్చింది, ఇళ్లకి తర్వాత.

జనవరిలో ఒక సాయంత్రం మేయో కౌంటీలో ఒకాయన ఫోనెత్తాడు. అరవై పైన వయసు, కోటాలో నాకు కావల్సిన గడి అదే. తొందరేమీ లేదు, వెనక టీవీలో ఏదో ఆట నడుస్తోంది. మొదటి ప్రశ్న అడిగాను, ఏడాది కిందటితో పోలిస్తే మీ ఇంటి పరిస్థితి?

“పోయినేడు మా అబ్బాయిలిద్దరూ ఆస్ట్రేలియా వెళ్లిపోయారు. ఈ ఏడు వెళ్లడానికి ఎవరూ మిగల్లేదు. మరి దాన్ని ఏమంటావమ్మా?”

నియమం ప్రకారం మూడు మాటలూ మళ్లీ చదివాను. మెరుగు, అలాగే, అధ్వానం. ఆయన కాసేపు ఆగాడు. టీవీలో జనం అరుస్తున్నారు. “అలాగే” అన్నాడు. రెండు నొక్కాను. పెద్ద వస్తువులు కొనడానికి ఇది మంచి సమయమేనా అని అడిగితే మాత్రం నవ్వాడు. “మంచమొకటి అమ్మేదుంది, నీకు కావాలా?”

థీసిస్‌లో నాకు కొరుకుడుపడని ముడి ఒకటుండేది. ఆ పేరున్న సూచీకి అట్టడుగు 2008 జులై, 39.6. 1995 చివరి స్థాయిని 100గా పెట్టుకున్న లెక్క అది. కానీ 2008 జులై నాటికి ఇంకా ఏమంత జరగలేదు కదా? మునుగుతున్న బ్యాంకుల అప్పులకి ప్రభుత్వం గ్యారంటీ ఇచ్చిన రాత్రి సెప్టెంబర్ చివర్లో. బెయిలవుట్ 2010లో. నిరుద్యోగం జులైలో 6 శాతం చుట్టూ ఉంటే, 15 శాతం దగ్గరకి చేరింది 2011, 2012ల్లో. ఇల్లు కాలిపోతున్నప్పటికన్నా పొగ వాసన తగిలినప్పుడే అంకె కిందికి పోయింది. ఈఎస్ఆర్ఐ ఆ ఏడాది జూన్‌లోనే, ఇరవై అయిదేళ్లలో మొదటిసారి మాంద్యం రాబోతోందని చెప్పి ఉంది. వాసన అలా ఊరంతా తెలిసింది.

మా గైడ్ పెన్‌తో ఆ నెల చుట్టూ సున్నా చుట్టి, ఇదెందుకు అని మాత్రం రాశాడు. నాకు జవాబు దొరికింది మేయో పెద్దాయన దగ్గరే. ప్రశ్న ‘ఏడాది కిందటితో’ అని కదా అడుగుతుంది. నూతిలో పడుతున్నవాణ్ణి అడిగితే అధ్వానం అంటాడు. అడుగుకి చేరి బురదలో నిలబడ్డవాణ్ణి మర్నాడు అడిగితే అలాగే అంటాడు. అక్కడితో మూడు కాస్తా రెండవుతుంది, సూచీ పెరుగుతుంది. వాడు ఒక్క మెట్టు ఎక్కకపోయినా సరే. పేపర్లలో ‘వినియోగదారుల్లో పెరిగిన విశ్వాసం’ అని హెడ్డింగు వస్తుంది. పెరిగింది విశ్వాసం కాదు, పడటం ఆగింది.

ఇది రాయడం తేలిక, రుజువు చేయడం కష్టం. ప్రభుత్వ గణాంక సంస్థ ఇచ్చే రిటైల్ అమ్మకాల వరుస పక్కన పెట్టి చూస్తే జనవరి వచ్చేసరికి గీత కొండెక్కి కూర్చుంటుంది. కారణం కార్లు. అక్కడ కారు నంబర్ ప్లేటు మీదే కొన్న ఏడాది ఉంటుంది కాబట్టి అందరూ జనవరిలోనే కొంటారు. 2013లో దాన్ని రెండు ముక్కలు చేశారు, జూన్ దాకా 131, తర్వాత 132. అమ్మకాలు ఏడాదంతా సర్దుకుంటాయని ఒక ఆశ. ప్లేటు మీద 13 అని కనిపిస్తే అశుభమని కొనరేమో అని ఇంకో భయం. మా అత్తయ్యకి ఫోన్ చేసి చెప్పాను, వాళ్లకీ ఉన్నాయి సెంటిమెంట్లు అని.

కార్లు తీసేసిన వరుస కూడా అదే సంస్థ ఇస్తుంది. ఆ మాట గైడ్ చెప్పేదాకా నాకు తెలియదు, రెండు వారాలు చేతులతో విడదీస్తూ కూర్చున్నాను. తీరా చూస్తే గీత దాదాపు బల్లపరుపు. సూచీ పైకి, జనం కొనేది నింపాదిగా. కానీ కార్లే నిజం చెబుతాయని నాకు ఇప్పటికీ అనుమానం. 2007లో ఆ దేశంలో 1,86,000 దాకా కొత్త కార్లు రోడ్డెక్కితే 2009లో 57,000. 2013లో 74,000, ఆ మరుసటేడు 96,000. 2014 జనవరిలో బస్ స్టాప్‌కి నడిచే దారిలో 141 ప్లేట్లు లెక్కపెట్టేదాన్ని. మా వీధి మొత్తానికి రెండు. తర్వాతి జనవరిలో 151లు ఏడో ఎనిమిదో. నాన్న వింటే, “ఇదీ సర్వే అంటే” అనేవాడు.

థీసిస్ ఆగస్టులో ఇచ్చాను. మేయో సంభాషణని ఊరూ పేరూ లేకుండా ఒక అధ్యాయం మొదట్లో పెట్టుకున్నాను. ఒక్క మనిషి మాట డేటా కాదన్నాడు గైడ్. న్యాయమే. చివర అనుబంధంలోకి దించేశాను. మార్కులు ఓ మాదిరిగా వచ్చాయి. ఐరిష్ భాషలో గ్రాండ్.

చదువయ్యాక ఇంకో ఉద్యోగం దొరికేదాకా ఆ సీట్లోనే ఉన్నాను. 2014 చివర్లో ఏ ప్రశ్న అడిగినా జవాబు కొత్తగా పెట్టిన నీటి బిల్లు దగ్గరకే వచ్చేది, వీధుల్లో నిరసన ఊరేగింపులు కూడా దాని మీదే. అయినా 2015 జనవరిలో పేరున్న ఆ సూచీ వంద దాటింది. 2006 తర్వాత అంత పైకి రావడం అదే మొదటిసారి. అంటే జనం 2006 నాటి దశకి వచ్చేశారనా? కాదు. 2014 కన్నా నయం అన్నారంతే. ఈ తేడా చెప్పబోతే ఆఫీసులో అందరూ తలూపి మళ్లీ హెడ్డింగులే చదివేవాళ్లు.

ఏడాది తర్వాత అంకె ఇంకా పైకి పోయింది. 2016 ఫిబ్రవరిలో ఎన్నికలు. పాలకపక్షం ఫైన్ గేల్ నినాదం, రికవరీని ఇలాగే నడిపిద్దాం అని. ప్రధాని ఎండా కెన్నీది కూడా మేయోయే. ‘ఏ రికవరీ?’ అని జనం ఎదురడిగారు. 2011లో 76 సీట్లు గెల్చుకున్న ఫైన్ గేల్ 50కి పడింది, తోడున్న లేబర్ పార్టీ 37 నుంచి 7కి. ఫలితాల రోజు మా పాత టీమ్ లీడర్ మెసేజ్ పెట్టింది: “అందరూ రెండు నొక్కినట్టున్నారు.”

నేను చేసిన సర్వేలో ఒకసారి మాట్లాడిన నంబర్‌కి మళ్లీ ఫోన్ చేయకూడదు, ప్రతి నెలా కొత్త జనమే. అంచేత ఆ అబ్బాయిలిద్దరూ ఆస్ట్రేలియా నుంచి వచ్చారో లేదో, మంచం అమ్మాడో ఉంచుకున్నాడో తెలుసుకునే దారి నాకు లేకపోయింది.