గేట్ పాస్ కట్టలు నా పరువు నిలబెట్టాయి: డే కేర్ సర్జరీ లెక్కలతో నా అనుభవం

శనివారం మీటింగులో నా కాగితం మీద ఒక్కరూ ఎగతాళి చేయలేదు. ఆ సంతోషం చల్లారకముందే రాసేస్తున్నాను.

పదిహేనేళ్ళు ఓటీలో, అంటే ఆపరేషన్ థియేటర్‌లో, సిస్టర్‌గా చేశాను. నడుం నొప్పి పట్టుకున్నాక నన్ను క్వాలిటీ విభాగంలో కూర్చోబెట్టారు. విజయవాడలో ఓ మోస్తరు ప్రైవేటు ఆస్పత్రి మాది. హెర్నియా, హైడ్రోసీల్, పైల్స్, కంటి శుక్లాలు... పొద్దున వచ్చి సాయంత్రానికి ఇంటికెళ్ళే కేసులు బాగా పెరిగాయి. ఆస్పత్రుల నాణ్యతకి గుర్తింపు ఇచ్చే ఎన్ఏబీహెచ్ వాళ్ళ తనిఖీలోగా డే కేర్ సర్జరీకి విడిగా ఇండికేటర్లు (పనితీరు కొలిచే అంకెలు) తయారవ్వాలి, అంకెలు సాఫ్ట్‌వేర్ నుంచే రావాలి అని మేనేజర్ గారు ఆ పని నా నెత్తిన పెట్టారు.

ఏం లెక్కపెట్టాలో తేలడం కష్టం కాలేదు. 1995లో పుట్టిన డే సర్జరీ అంతర్జాతీయ సంఘం ఐఏఏఎస్ వాళ్ళ జాబితా ఉండనే ఉంది: డేట్ తీసుకుని రానివాళ్ళు, వచ్చాక రద్దయిన కేసులు, అదే రోజు మళ్ళీ ఓటీకి ఎక్కినవాళ్ళు, అనుకోకుండా రాత్రి ఉండిపోయినవాళ్ళు, ఇంటికెళ్ళి తిరిగొచ్చి చేరినవాళ్ళు. ఒక్క పూటలో ఎక్సెల్‌లో దించేశాను.

అసలు డే కేర్ అంటే ఏమిటన్న దగ్గర మాత్రం రెండు రోజులు పోయాయి. ఐఏఏఎస్ లెక్కలో అదే రోజు ఇంటికెళ్ళాలి. ఇన్సూరెన్స్ వాళ్ళకి 24 గంటల లోపు చాలు. మా సాఫ్ట్‌వేర్‌కి ఈ గొడవే లేదు, రాత్రి 12 దాటితే ఇన్‌పేషెంట్, అంతే. చివరికి, ఈ కేసు ఇవాళే పంపేద్దాం అని ముందుగా అనుకుని రాసుకున్నవే లెక్కలోకి తీసుకున్నాను. ఈ పని మీ నెత్తిన పడితే ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. సాయంత్రం వెళ్ళినవాళ్ళనే లెక్కపెడితే, ఉండిపోయినవాళ్ళు జాబితాలోనే ఉండరు, రిపోర్టు అద్దంలా మెరుస్తుంది.

ఇక నా తల కొట్టేసిన సంగతి.

మొదటి నెల సాఫ్ట్‌వేర్ రిపోర్టు తీసి మీటింగులో పంచాను. 84 కేసుల్లో 27 మంది రాత్రి ఉండిపోయారని ఉంది. సీనియర్ సర్జన్ గారు కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని, "సిస్టరమ్మా, మూడో వంతు మందిని నేను రాత్రి పడుకోబెట్టానా? ఎక్కడ, మీ ఆఫీసులోనా?" అన్నారు. గదంతా నవ్వు. మత్తు డాక్టర్ గారైతే, "మా ఎనస్థీషియా అంత బలంగా ఉందన్నమాట!" అని ఇంకోటి విసిరారు. డైరెక్టర్ గారు ఏమీ అనలేదు, నా కాగితం మీద టీ కప్పు పెట్టుకున్నారు. కుక్కిన పేనులా కూర్చున్నాను. కప్పు తీశాక 27 చుట్టూ తడి గుండ్రం ఒకటి మిగిలింది. ఆ కాగితం ఇప్పటికీ దాచుకున్నాను.

మర్నాటి నుంచి వాచీ పెట్టుకుని డే కేర్ వార్డులో కూర్చున్నాను. మా దగ్గర డిశ్చార్జికి పీఏడీఎస్ఎస్ స్కోరు వేస్తారు. బీపీ, నాడి కలిపి ఒకటి, నడక, వాంతులు, నొప్పి, రక్తస్రావం, ఒక్కోదానికి 2 మార్కులు. పదికి 9 వస్తే ఇంటికి పంపొచ్చు. నూజివీడు వైపు నుంచి హెర్నియాకి వచ్చిన రైతు ఒకాయనకి 4:10కి తొమ్మిది వచ్చింది. సంచీ సర్దుకుని, చెప్పులేసుకుని మంచం అంచున కూర్చున్నాడు. ఆరయింది, ఎనిమిదయింది. "ఆపరేషన్ ముప్పావుగంటలో అయిపోయింది కదమ్మా, కాగితానికి ఇంతసేపా?" అని అడిగాడు. ఏం చెప్పను? ఇన్సూరెన్స్ కంపెనీ ఫైనల్ అప్రూవల్ మూడు గంటల్లో ఇవ్వాలని 2024లో ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ చెప్పింది. ఆ మూడు గంటలు మొదలవ్వాలంటే ముందు మన ఫైలు వెళ్ళాలిగా! మా బిల్లింగ్ వాళ్ళు పంపింది ఆరున్నరకి.

9:45కి ఆయన లిఫ్ట్ ఎక్కాడు. మర్నాడు కంప్యూటర్‌లో చూస్తే డిశ్చార్జ్ టైమ్ ఆ పొద్దున 8:20! రాత్రి కౌంటర్లో క్యాషియర్ షిఫ్ట్ ముగించుకుని వెళ్ళిపోయాడు, బిల్లు పొద్దున షిఫ్ట్ వాళ్ళు క్లోజ్ చేశారు. సాఫ్ట్‌వేర్‌కి బిల్లు క్లోజయితేనే డిశ్చార్జట. ఆయన నూజివీడులో సొంత మంచం మీద నిద్రపోతుంటే, నా రిపోర్టులో మా ఆస్పత్రిలో పడుకున్నాడు.

సాఫ్ట్‌వేర్ కుర్రాడికి ఫోన్ చేస్తే, "మేడమ్, డిశ్చార్జ్ టైమ్ అంటే బిల్ టైమే మేడమ్, అన్ని హాస్పిటల్స్‌లో అంతే" అన్నాడు. పేషెంట్ నిజంగా వెళ్ళిన టైమ్‌కి ఒక గడి చేర్చడానికి విడిగా కొటేషన్ పంపిస్తారట. కడుపు మండిపోయింది. సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు వార్డు సిస్టర్‌ని ఒక్కదాన్ని పక్కన కూర్చోబెట్టుకుంటే ఈ ఖర్చే ఉండేది కాదు. కొనేది మాత్రం అకౌంట్స్ వాళ్ళు!

అప్పుడు గుర్తొచ్చాయి గేట్ పాస్‌లు. పేషెంట్ బయటికెళ్ళేటప్పుడు సెక్యూరిటీ అతను పాస్ తీసుకుని, వెనకాల టైమ్ రాసి, మేకుకి గుచ్చుతాడు. ఆ కట్టలన్నీ దుమ్ము దులిపి, రెండు సాయంత్రాలు కూర్చుని, కేసు కేసుకీ సరిచూశాను. 27 కాస్తా 5 అయ్యింది. ముగ్గురికి వాంతులు ఆగలేదు, ఒకరికి వెన్ను మత్తు తర్వాత మూత్రం రాలేదు, ఒకరికి గాయం దగ్గర రక్తం కారింది. ఈ ఐదూ సర్జన్లకి పనికొచ్చే సంగతులు. మిగతా 22 బిల్లింగ్ వాళ్ళవి. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లకి పట్టనిది పదో తరగతి చదివిన సెక్యూరిటీ అతని చేతిరాతలో దొరికింది. దాన్ని వెతికి పట్టుకున్నది నేను. ఎందుకు చెప్పుకోకూడదు?

ఆరు వారాలకి గడులు వచ్చాయి: స్కోరు తొమ్మిదయిన టైమ్, గేటు దాటిన టైమ్. రద్దుకి "పేషెంట్ కారణాలు" అన్న ఒక్క మాట తీసేసి విడివిడిగా పెట్టించాను. ఖాళీ కడుపంటే టిఫిన్ వద్దనే అనుకుని టీ తాగొచ్చేవాళ్ళే ఎక్కువని తేలింది.

శనివారం సర్జన్ గారు కొత్త కాగితం చూసి, బిల్లింగ్ మేనేజర్ వైపు తిరిగి, "ఆరున్నరకా ఫైలు పంపేది?" అన్నారు. ఆయన ఫోన్ చూసుకున్నాడు.

ఇంకా ఒకటి తెగలేదు. మర్నాడు ఫోన్ చేసి నొప్పి, వాంతులు ఉన్నాయేమో కనుక్కోవాలి, ఇంకో ఆస్పత్రిలో చేరారేమో అడగాలి. రిసెప్షన్లో తొందర ఎక్కువైతే నంబర్ గడిలో పది తొమ్మిదులు కొట్టేస్తున్నారు. నిన్న కూడా మూడు వచ్చాయి. రేపు పొద్దున్నే కిందకి దిగాలి.