తీగలు దిగాయి, చెయ్యి దిగలేదు

ఆదివారం, రాత్రి పదకొండు దాటింది.

పొద్దున అనుకున్నది ఒక్కటే పని. ముప్పై రెండు బార్ల (తాళం ఆవర్తాల) ట్యూన్‌కి కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) వాయించి, రికార్డు చేసి, బాస్ (కింది స్వరాలు) వాయించే మావాడికి పంపేయాలి. గంట పని అనుకున్నాను. తీరా చూస్తే సాయంత్రం దీపాలు పెట్టే వేళయింది.

ఈ గిటార్ ఇంటికొచ్చి మూడు వారాలే. చేయించుకున్న ఆర్చ్‌టాప్. పైపలక స్ప్రూస్, వెనకా పక్కలా మేపుల్, వయొలిన్‌లాగా ఉబ్బుగా చెక్కిన పొట్ట, దానికి రెండు వైపులా ఎఫ్ రంధ్రాలు. శ్రుతి మాత్రం మామూలు గిటార్ కంటే ఐదు సెమిటోన్లు (గిటార్ మీద ఐదు మెట్లు) కింద: మందపు తీగ నుంచి వరసగా బి, ఇ, ఎ, డి, ఎఫ్ షార్ప్, బి. అన్నిటికంటే కింది స్వరం 61.7 హెర్ట్జ్. మామూలు గిటార్‌లో అది 82.4.

ఆర్డరిచ్చేటప్పుడు నా తెలివి ఎంత మాత్రమంటే, మామూలు కొలతలతోనే చేయించుకుని తీగలు వదులు చేసుకుంటే సరిపోతుందనుకున్నాను. చేసే ఆయన నవ్వారు. "వదులు చేస్తే శ్రుతి దిగుతుందండీ, స్వరం నిలబడదు" అన్నారు. ఇంటికొచ్చి లెక్క వేసుకుంటే అర్థమైంది. తీగ బిగువు ఫ్రీక్వెన్సీ వర్గాన్ని బట్టి మారుతుంది. అదే తీగను అదే పొడవులో ఐదు సెమిటోన్లు దించితే మిగిలే బిగువు 56 శాతమే. అప్పుడది తీగ కాదు, బట్టలారేసుకునే తాడు. అందుకే ఆయన తీగ పొడవును 25.5 అంగుళాల నుంచి 27కి పెంచి, 14 నుంచి 68 గేజ్ (లావు) ఫ్లాట్‌వౌండ్ (చదునుగా చుట్టిన) తీగలు వేశారు. లావు తీగ పట్టేలా, మెడ చివర తీగలు ఆనే నట్‌లో గాడి కూడా వెడల్పు చేశారు.

పొద్దున మొదటి గంట బ్రిడ్జికే (పొట్ట మీద తీగలు ఆనే చెక్కకే) పోయింది. ఆర్చ్‌టాప్‌కి బ్రిడ్జిని జిగురుతో అంటించరు. తీగల ఒత్తిడికే నిలబడి ఉంటుంది. నిన్న రాత్రి తీగలు మార్చేటప్పుడు ఒక్కొక్కటే మార్చాను, అన్నీ ఒకేసారి విప్పితే బ్రిడ్జి చేతిలోకొస్తుందని. అయినా ఎక్కడో కాస్త జరిగినట్టుంది. పన్నెండో మెట్టు దగ్గర తీగను తాకీ తాకకుండా మీటితే ఒక శ్రుతి, నొక్కి మీటితే అంతకంటే కొంచెం ఎక్కువ. బ్రిడ్జిని మందపు తీగ వైపు వెంట్రుకవాసి వెనక్కి జరపడం, శ్రుతి చేయడం, మళ్లీ చూడడం. ఇలా ఆరేడు సార్లు. ఓపిక ఉన్నవాళ్లకు ఇది ధ్యానమట. నాకైతే మెడనొప్పి.

తర్వాత రికార్డింగ్. ఫ్యాన్ కట్టేశాను. చొక్కా గుండీ గిటార్ వీపుకి తగిలి టిక్కుమంటోందని టీషర్ట్ వేసుకున్నాను. చిన్న డయాఫ్రం కండెన్సర్ మైకుని గిటార్ మెడ పొట్టను కలిసేచోటుకి గురిపెట్టి, సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంచాను. ఎఫ్ రంధ్రానికి ఎదురుగా పెడితే మొత్తం బుంగలో మాట్లాడినట్టు వస్తుంది, ఆ తప్పు ఇదివరకే చేశాను. గిటార్‌లోనే ఉండి తీగల కదలికను పట్టే పికప్ కేబుల్ వేరే ఛానెల్‌లోకి.

వాయించి విన్నాను. పికప్‌లో ఆరో తీగ (అన్నిటికంటే మందపుది) నిండుగా ఉంది. మైకులో మాత్రం ఉపవాసం ఉన్నట్టుంది. మైకు దగ్గరికి జరిపాను, కిందికి దించాను, కోణం మార్చాను. మూలకి వెళ్లి కూర్చున్నాను, గోడ మూలల్లో మంద్రం పెరుగుతుంది కదా అని. రెండున్నర గంటలు. చెక్కలోనే లోపమేమో అని ఒక క్షణం గుండె జారింది కూడా.

మైకు సంకేతాన్ని పెంచే ప్రీయాంప్ మీద, కింది శబ్దాలను కోసే లో-కట్ బటన్ నొక్కి ఉంది. 80 హెర్ట్జ్.

పాత గిటార్‌కి ఏళ్ల తరబడి అలాగే ఉంచాను. దాని కింది స్వరమే 82 కాబట్టి, అంతకంటే కింద ఉండేది ఫ్యాను గాలీ, వీధిలో లారీలూ. తీసేస్తే నష్టం లేదు. ఈ గిటార్‌కి మాత్రం ఆరో తీగ మీద మొదటి ఐదు స్వరాలు ఆ గీతకి కిందే ఉన్నాయి. నా ప్రీయాంప్‌లో వడపోత ఆక్టేవ్‌కి 12 డెసిబెల్స్, అంటే 61.7 దగ్గరికొచ్చేసరికి దాదాపు 6 డెసిబెల్స్ కోత. శబ్ద తరంగం సగం ఎత్తుకి తగ్గినట్టు. ప్రీయాంప్ దగ్గరే అంత పోయింది కాబట్టి పొద్దుటి టేకులన్నీ చెత్తబుట్టకే.

బటన్ తీసేశాక అద్భుతం జరుగుతుందనుకున్నాను. జరగలేదు. కాస్త ఒళ్లొచ్చింది, అంతే. ఆలోచిస్తే అదీ న్యాయమే. ఇంత పెట్టె 62 హెర్ట్జ్‌ని గదినిండా పరచలేదు. దీని లోపలి గాలి అనునాదం 110 చుట్టుపక్కల ఉన్నట్టుంది, ఐదో తీగ ఐదో మెట్టు మీది 'ఎ' మిగతావాటిని తోసుకుని ముందుకొస్తుంది. కింది స్వరాల్లో మనం వింటున్నామనుకునే లోతులో చాలాభాగం 123, 185, 247 అనే దాని పిల్లలను (రెండింతలు, మూడింతలు, నాలుగింతల స్వరాలను) విని మన బుర్ర కట్టుకునే లెక్కే. ఫోన్ స్పీకర్‌లో కూడా ఆ 'బి' వినిపించడం అందుకే.

సరే, మూడు గంటలకు ఒక టేకు కుదిరింది. మైకు శబ్దం పికప్ కంటే 0.9 మిల్లీసెకన్ల దాకా ఆలస్యంగా వస్తుంది కాబట్టి (30 సెంటీమీటర్లు గాలిలో నడిచి రావాలిగా) దాన్ని అంతమేర ముందుకి జరిపి, రెండూ కలిపి పంపాను. పది నిమిషాల్లో ఫోన్.

"ఒరేయ్, నా వాటా కూడా నువ్వే వాయించేస్తే నేనెందుకురా?"

"వాటా ఏంటి? కార్డులే కదా వాయించాను!"

"కార్డులా అవి? కింద అంతా బురదగా ఉంది. ఓసారి నువ్వే విను."

కోపం వచ్చింది. విన్నాక పోయింది. పాత గిటార్ మీద వేసే కార్డులే ఇక్కడా వేశాను. వేళ్లకి అలవాటైన ఆకారాలు. ఆరో తీగ మూడో మెట్టు మీద 'డి', 73 హెర్ట్జ్. పక్కనే ఐదో తీగ రెండో మెట్టు మీద 'ఎఫ్ షార్ప్', 92. రెండిటికీ తేడా 19 హెర్ట్జ్ మాత్రమే. అంత కింద అంత దగ్గరగా ఉన్న రెండు స్వరాలను చెవి విడదీయలేదు, గరగరమని ఒక ముద్దగా వింటుంది. అదే జోడీ రెండు ఆక్టేవులు పైన ఎంత తీయగా ఉంటుందో!

మైకు, బటన్, బ్రిడ్జి, అన్నిటినీ అనుమానించాను. నా ఎడమ చెయ్యి మాత్రం నాకు గుర్తుకు రాలేదు.

ఐదో తీగని వదిలేశాను. ఆ 'ఎఫ్ షార్ప్' మూడో తీగ నాలుగో మెట్టు మీద తీసుకుంటే 185. మధ్యలో నాలుగో తీగ మూడో మెట్టు మీది 'సి'. మూడే స్వరాలు. పాత గిటార్ మీద ఇదే ఆకారం జి సెవెన్, అందుకే వేళ్లు జి సెవెన్ అంటున్నాయి, చెవులు డి సెవెన్ అంటున్నాయి. ఈ తికమక ఎన్నాళ్లకి పోతుందో. కానీ కార్డు విచ్చుకుంది. స్వరాల మధ్య గాలి ఆడింది.

ఫ్రెడ్డీ గ్రీన్ గుర్తొచ్చాడు. 1937 నుంచి 1987లో చనిపోయేదాకా కౌంట్ బేసీ జాజ్ బ్యాండ్‌లో ఆర్చ్‌టాప్ మీద రిథమ్ వాయించినవాడు. బ్యాండంతా మోగుతున్నా ఆ గిటార్ వినిపించేది. కార్డు పట్టుకున్నట్టే ఉంటుంది గానీ చాలాసార్లు మోగేది ఒకటి రెండు స్వరాలే. ఈ సంగతి నాకు పదేళ్లుగా తెలుసు, నలుగురికి చెప్పాను కూడా. తెలియడం వేరు, చేతికి రావడం వేరని ఇవాళ నా రికార్డింగే నాకు వినిపించింది.

మళ్లీ కూర్చున్నాను. సగం బార్లలో ఆరో తీగని అసలు ముట్టలేదు. ఆ తీగ కోసమే ఇంత ఖర్చు పెట్టి, ఇన్ని నెలలు ఆగి, చివరికి దాన్ని ముట్టకుండా వాయించడం కొంచెం ఉక్రోషంగానే ఉంది. చివరి కార్డు దగ్గర మాత్రం కక్కుర్తి పడ్డాను. ఖాళీ ఆరో తీగని బొటనవేలితో మీటి, పూర్తిగా ఆరిపోయేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

ఏడో టేకు పంపాను. ఈసారి ఫోన్ రాలేదు, మెసేజ్ వచ్చింది.

"ఇప్పుడు నాకు చోటుంది. చివరి 'బి' బాగుంది, అక్కడ నేను ఊరుకుంటా."

ఫ్యాన్ వేసుకుని, తీగలు తుడిచి, గిటార్‌ని పెట్టెలో పెడుతుంటే ఇంకోటి.

"పదకొండో బార్‌లో కిర్రుమంది ఏంట్రా? నట్టా?"

కుర్చీ.