మధ్యాహ్నం మూడు గంటలకు

కీళ్లవాతం అని తేలేనాటికి నాకు 34 ఏళ్లు. పొద్దున లేచాక గంట దాటినా పిడికిలి బిగిసేది కాదు. బట్టల గుండీలు మా ఆయనే పెట్టేవారు. నవ్వుతూనే పెట్టించుకునేదాన్ని. కానీ గుండీలు పెట్టడానికి తప్ప ఆ చేతులు నన్ను తాకడం లేదని కొన్నాళ్లకు అర్థమైంది.

వేళ్లు వాచిపోయిన దాన్ని ఎవరు దగ్గరికి తీసుకుంటారులే అనుకున్నాను. అడగలేదు. మంచానికి ఆ చివర ఆయన, ఈ చివర నేను. 8 నెలలు.

ఒక రాత్రి ఉక్రోషం ఆపుకోలేక, "నేనంటే విసుగొచ్చిందా మీకు?" అనేశాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "చెయ్యి వేస్తే ఎక్కడ నొప్పి పుడుతుందోనని భయం. నిద్రలో ఒకసారి నా చెయ్యి తగిలి అరిచావు" అన్నారు. నాకు అది గుర్తే లేదు.

డాక్టరమ్మను అడగాలనుకున్నాను. రెండుసార్లు వెళ్లి, ఒంట్లో వాపు ఎంతుందో చూసే రక్తపరీక్ష, ఆ ఈఎస్ఆర్ రిపోర్టు గురించి మాట్లాడి వచ్చేశాను. మూడోసారికి గానీ నోరు పెగల్లేదు. ఆవిడ మాత్రం జలుబు గురించి చెప్పినంత మామూలుగా చెప్పారు. ఈ జబ్బులో కొందరికి కళ్లు, నోరు ఎండిపోయినట్టే యోని కూడా పొడిబారుతుందట. నాకు మనసు చచ్చిపోయిందనుకున్నానే, సగం కారణం అదే! నీటి ఆధారిత లూబ్రికెంట్ జెల్ రాశారు. నొప్పి మాత్ర కాస్త ముందుగా వేసుకోమన్నారు. కీళ్లవాతానికి నేను వేసుకునే మెథోట్రెక్సేట్ మందు వాడినన్నాళ్లూ గర్భం రాకూడదని, పిల్లలు కావాలనుకుంటే ముందే తనతో చెప్పాలని గట్టిగా హెచ్చరించారు. ఆ మందు వారానికి ఒక్కరోజే. మర్నాడంతా నాకు వికారం, ఆ రోజు మాకు సెలవు.

రాత్రే కావాలన్న పట్టు వదిలేశాం. రాత్రయ్యేసరికి నా ఒంట్లో ఓపిక మిగలదు, పొద్దున కీళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. ఒళ్లు తేలిగ్గా ఉండేది మధ్యాహ్నం మూడింటికి. వేడినీళ్ల స్నానం, మోకాళ్ల మధ్య దిండు, బరువు పడకుండా పక్కకు తిరిగి పడుకోవడం. మొదటిసారి దిండ్లు సర్దుకునేసరికే పది నిమిషాలైంది, ఇద్దరం పడీ పడీ నవ్వాం. టైమ్ చూసుకుని దగ్గరవడమేమిటని మొదట్లో చిన్నతనంగా ఉండేది. పెళ్లైన కొత్తలో ఇంట్లో ఎవరూ లేని వేళ కోసం కాచుకోలేదా ఏం!

వాపు ఎక్కువైన రోజుల్లో ఏమీ ఉండదు. నా వేళ్లు ఒక్కొక్కటే నెమ్మదిగా వంచుతూ "ఇక్కడా?" అంటారు. "కాదు, ఆ పైన" అంటాను.

మందులు బాగానే పనిచేస్తున్నాయి. గుండీలు ఇప్పుడు నేనే పెట్టుకోగలను. ఆ సంగతి ఆయనకింకా చెప్పలేదు.