కువైటోడి కూతురు గవర్నమెంటు బడిలో

సెలవు మీద ఊరికి వచ్చినోణ్ణి జనం అడిగే మొదటి మాట "ఎప్పుడొచ్చినావు", రెండోది "ఎప్పుడు పోతావు". నన్ను మాత్రం మూడోది కూడా అడుగుతున్నారు. "అంత దూరం పోయి సంపాదిస్తా, పాపను గవర్నమెంటు బడిలో వేసినావేందిరా?" మా నెల్లూరు జిల్లా కలిగిరి, వింజమూరు పక్క కువైట్ డబ్బు చేరగానే ముందు ఇంటికి స్లాబు పడుతుంది, ఆ వెంటనే వాకిట్లో కాన్వెంటు బస్సు ఆగుతుంది. బస్సు ఆగలేదంటే ఆ ఇంట్లో ఏదో తేడా ఉన్నట్టే లెక్క. మా బావకు మొహమాటం తక్కువ. "బస్సు ఫీజు నన్ను కట్టమంటావా ఏంది?" అని అందరి ముందే అనేశాడు.

జవాబుగా, ఈ వారం మా పాప రెండో తరగతిలో ఏం నేర్చుకుందో చెప్పడం మొదలుపెట్టాను. ఆయన సగంలోనే లేచిపోయాడు. మిగతాది రాస్తున్నా.

నాది ఖాదిం వీసా, ఇంటి డ్రైవరు పని. కువైట్‌లో పొద్దున ఆరున్నర అంటే మనకు తొమ్మిది. మా పాప బడిలో ప్రార్థనకు నిలబడే వేళకు నేను బాబా (అక్కడి మా ఇంటి యజమాని) పిల్లల్ని బండి ఎక్కిస్తుంటా. వాళ్ళ చిన్నోడిదీ రెండో తరగతే. వాడి సంచి మోసేది నేను, సాయంత్రం ట్యూషన్ కాడ దించి బయట కాచుకునేదీ నేనే. సీటు మీద పడేసిన వాడి పుస్తకాలు తిరగేస్తుంటా. అరబ్బీ అక్షరం మాట మొదట్లో ఒక రూపంలో ఉంటుంది, మధ్యలో ఇంకోటి, చివర మరోటి. వాటితో వాడు పడే తిప్పలన్నీ నాకు తెలుసు. మా పాప ఒత్తులతో ఏం తిప్పలు పడుతుందో మాత్రం తెలియదు. ఇంటికి ఫోన్ చేస్తే "బాగానే చదువుతుండాదిలే" అనే ఒక్క ముక్కతో సరి.

ఎండాకాలం బాబా కుటుంబం విహారానికి పోయింది, నాకు సెలవు దొరికింది. పాపను బడిలో దించే పని నేనే పెట్టుకున్నా. దించి వచ్చేయొచ్చు గానీ కాలు కదలదు. కిటికీ పక్కన వేపచెట్టు కింద నిలబడి చూస్తుంటే టీచరమ్మ ఒకరోజు చూసీచూడనట్టు ఊరుకుంది, మర్నాడు "లోపలికొచ్చి కూర్చోండి, ఎండలో ఎందుకు" అంది.

లెక్కల్లో ఈ వారం పదులు, ఒకట్లు. చీపురు పుల్లలు ఒకే పొడుగున విరిచి, పదేసి పుల్లలకు ఒక రబ్బరు బ్యాండు వేసి కట్టలు చేశారు. ముప్పై నాలుగంటే మూడు కట్టలు, నాలుగు విడి పుల్లలు. ఇరవై మూడులోంచి ఎనిమిది తీసేయమంది టీచరమ్మ. విడిగా ఉన్నవి మూడే. మా పాప కాసేపు కట్టల వంక చూసి, ఒకదాని రబ్బరు లాగింది. అది ఎగిరి పక్కపిల్ల జడలో పడింది. విడి పుల్లలు ఇప్పుడు పదమూడు. ఎనిమిది పక్కకు నెట్టి "ఒక కట్ట, ఐదు పుల్లలు. పదైదు" అంది. ఇదే లెక్క మా కాలంలో "పక్కనుంచి ఒకటి అప్పు తెచ్చుకోరా" అనేవాళ్ళు. తెచ్చింది ఒకటైతే పది ఎట్టా అయిందని అడిగినోడి వీపు మోగేది.

ఇంకో లెక్క ఇది: "కలిగిరి వేలానికి పది బేళ్లు పోయినయ్. మూడు నోబిడ్ అయినయ్. అమ్ముడుపోయినవి ఎన్ని?" బేళ్లంటే పొగాకు మూటలు, నోబిడ్ అంటే వేలంలో ఎవరూ పాట పాడనివి. వెనక వరసలోంచి ఒకడు "ఏడు" అని చెప్పి ఊరుకోలేదు. "ఆ మూడూ మళ్ళా తీసకపోతారు టీచర్, రేటు తగ్గించి కొంటారు" అన్నాడు. పొగాకు ఇంట్లో పుట్టినోడు మరి. బేళ్ల లెక్క రాసిన పుస్తకం ఏ కాన్వెంటు బస్సులోనూ రాదు.

తెలుగులో అక్క, పిట్ట, బత్తాయి, పెన్న, నెల్లూరు అయిపోయినయ్. ఏ అక్షరానికి ఆ అక్షరమే ఒత్తు కాబట్టి సులువు. కష్టం ఆ తర్వాతే. బోర్డు మీద "సర్వేపల్లి" అని రాసింది టీచరమ్మ. బడి తెరిచాక ఇచ్చిన సంచి, బూట్లు, పుస్తకాల కిట్టుకు సర్వేపల్లి రాధాకృష్ణన్ పేరు పెట్టారు కదా, ఆ ఇంటిపేరు మన జిల్లాలో ఊరే. రెండు రకాల ఒత్తులూ ఒక్క పేరులో ఉన్నాయి. మా పాప వ కింద ర ఒత్తు పెట్టి "సవ్రేపల్లి" చేసింది. టీచరమ్మ తప్పనలేదు, రాసింది రాసినట్టు పైకి చదవమంది. చదివి తనే కిసుక్కున నవ్వి, అరచేత్తో పలక తుడిచేసింది.

ఇక ఇంగ్లీషు. బావ గొడవంతా దానికే. 2020-21 నుంచి పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురుగా అదే పాఠం తెలుగులో. మా పాప ఇంగ్లీషు పేజీ పైకి చదువుతుంది, తెలుగు పేజీలో అర్థం చూసుకుంటుంది. గడగడా మాట్లాడటంలో కాన్వెంటు పిల్లకాయలే ముందున్నారు, కాదనను. కానీ అరబ్బీ నాకు బండి నడుపుతూ వచ్చింది, హిందీ రూములో వచ్చింది. లెక్క అట్టా రాదు. అక్కడ దినారుకు వెయ్యి ఫిల్సులు. బకాలాలో, అంటే కిరాణా కొట్లో, చిల్లర చేతిలో పెట్టుకుని, ఎంతిచ్చాడో తేల్చుకోలేక సిగ్గుతో జేబులో వేసుకునే మనోళ్ళను చూస్తూనే ఉంటా. అందులో పదో తరగతి దాకా చదివినోళ్ళూ ఉన్నారు.

శనివారం పిల్లకాయలు సంచి తెచ్చే పని లేదు. ఆరోజు నన్ను కువైట్ గురించి రెండు ముక్కలు చెప్పమన్నారు. ఒంటె ఎక్కినావా, జీతమెంత, అక్కడ కూడా బడిలో గుడ్డు పెడతారా అని అడిగారు. చెప్పేవి చెప్పి, జీతం దాటేసి, అరబ్బీ అంకెలు బోర్డు మీద రాశా. సున్నాకు ఒక చుక్క. ఐదు అచ్చం మన సున్నా. అది చూడగానే క్లాసంతా గోల. బేళ్ల లెక్క చెప్పినోడే లేచి, "మామా, అయితే ఇక్కడ సున్నా మార్కులొస్తే అక్కడ ఐదొచ్చినట్టేనా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా టీచరమ్మ అందుకుంది. "ముందు ఐదో ఎక్కం అప్పజెప్పరా, వీసా సంగతి తర్వాత."