రేపు సాయంత్రం స్పారింగ్

పొద్దున ఉగ్గాని, బజ్జీ ముందు పెట్టుకుని రెండు ముద్దలకే లేచాను. "ఏమిరా, జ్వరమా?" అంది అమ్మ. కాదు, టెన్షన్. రేపు బాక్సింగ్ స్పారింగ్, అంటే ప్రాక్టీసు కోసం ఎదుటి మనిషితో తలపడటం.

ఆరు నెలలుగా పంచింగ్ బ్యాగును కొడుతున్నాను. పాపం, అది తిరిగి కొట్టదు. రేపు ఎదురుగా నిలబడేది నాకంటే పదేళ్లు చిన్నవాడు, పైగా ఎడమచేతి వాటం. నాది కుడి. అంటే మా ముందు కాళ్లు ఎదురెదురుగా పడతాయి, నేను కష్టపడి నేర్చుకున్న జాబ్ (ముందు చేత్తో వేసే సూటి పంచ్) పోయి అతని ముందు చేతికే తగులుతుంది. దెబ్బకు కాదు నా భయం, అందరి ముందు కళ్లు మూసుకుంటానేమోనని.

"16 ఔన్సుల గ్లవ్స్, హెడ్‌గార్డ్, 3 నిమిషాలు. అంతే కదన్నా" అన్నాడు కోచ్.

అంతేనా! సాయంత్రం కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర బండి ఆపి ఫోన్‌లో టైమర్ పెట్టాను. టీ తాగి, గ్లాసు ఇచ్చి, చిల్లర తీసుకున్నా ఇంకా 40 సెకన్లు మిగిలాయి.

మౌత్‌గార్డ్‌ను వేడినీళ్లలో ముంచి పళ్లకు అచ్చు పట్టించాను. దాన్ని పెట్టుకునే ఇది టైప్ చేస్తున్నాను.