పద్మిని కింగ్‌పిన్ బుష్‌లు ఇంట్లోనే చేసుకున్నా: నా అనుభవం

ప్రీమియర్ పద్మిని కారుకు నాకు దొరికిన కింగ్‌పిన్ (స్టీరింగ్ తిప్పితే ముందు చక్రం దేని చుట్టూ తిరుగుతుందో ఆ నిలువు పిన్ను) కిట్‌లో పిన్ను బాగుంది, అది తిరిగే లోహపు గొట్టాలు, అంటే బుష్‌లే నాసిరకం. అందుకే పిన్ను కిట్‌దే ఉంచి, బుష్‌లు మాత్రం ఫాస్ఫర్ బ్రాంజ్ కడ్డీతో ఇంట్లో ఉన్న చిన్న లేత్ మీద తిప్పుకున్నాను. హైదరాబాద్ వాళ్లయితే కడ్డీ రాణీగంజ్‌లో తూకానికి తెచ్చుకోవచ్చు.

విప్పడం పెద్ద పనేం కాదు. కాయిల్ స్ప్రింగ్‌తో మాత్రం చెలగాటం వద్దు. కింది ఆర్మ్ కింద జాకీ పెట్టి మెల్లగా దించాలి, స్ప్రింగ్‌ను తాడుతో కట్టి లాగేవాళ్ల మాట వినకండి. కింగ్‌పిన్‌ను కదలకుండా పట్టే లాక్ పిన్ను ఏ వైపు నుంచి ఊడిందో గుర్తు పెట్టుకోండి.

బుష్ బయటి కొలత స్టబ్ యాక్సిల్ (చక్రం కూర్చునే పొట్టి ఇరుసు) రంధ్రం కన్నా 0.04 మి.మీ. ఎక్కువ, లోపలి కొలత పిన్ను కన్నా 0.2 మి.మీ. తక్కువ ఉంచాను. గ్రీజు రంధ్రం నిపుల్‌కు (గ్రీజు ఎక్కించే మూతికి) ఎదురుగా రావాలి, లోపల గ్రీజు గాడి ఉండాలి. ఫ్రిజ్‌లో పెడితే బుష్ దానంతటదే దూరిపోతుందంటారు. 24 మి.మీ. బుష్ 48 డిగ్రీలు చల్లబడితే తగ్గేది 0.02 మి.మీ. మాత్రమే. పొడవాటి బోల్టు, నట్టు, మందపాటి వాషర్లతో నిటారుగా లాగాల్సిందే. సుత్తి వాడితే అంచు పగులుతుంది.

ఇక రీమింగ్, అంటే పళ్లున్న రీమర్ అనే పనిముట్టు తిప్పి రంధ్రాన్ని సరైన కొలతకు కోయడం. కడుపు మండేది ఇక్కడే. ఎక్కించాక బుష్ లోపలి రంధ్రం కొంచెం ముడుచుకుంటుంది, కాబట్టి చివరి కొలత ఎక్కించిన తర్వాతే తీయాలి. నా దగ్గర రీమర్ లేక ఒక లేత్ షాపుకిచ్చాను. అక్కడ పై బుష్‌ను పైనుంచి, కింది బుష్‌ను కిందినుంచి విడివిడిగా చేత్తో తిప్పి కోశారు. విడిగా చూస్తే ఏ బుష్‌లోనైనా పిన్ను నున్నగా దూరుతుంది. రెండింటిలోకీ కలిపి దింపితే రెండో దాని మూతి దగ్గర బిగుసుకుంటుంది. అదేమిటని అడిగితే, "పిన్నును ఎమరీతో రుద్దేయండి సార్, సరిపోద్ది" అన్నారు, అదీ పదిమంది ముందు నాకేదో తెలియనట్టు! గట్టిపరిచిన పిన్నును రుద్దితే పైపొర పోతుంది, పిన్ను సన్నబడుతుంది, వంకర రంధ్రం మాత్రం వంకరగానే ఉంటుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది, మలుపు తిరిగాక చక్రం తనంతట తాను తిన్నగా రాదు. పని రాకపోతే రాదని చెప్పాలి, డబ్బు తీసుకుని కొనుగోలుదారుడి మీద నెట్టకూడదు.

ఆ బుష్‌లు తీసేసి కొత్తవి తిప్పాను. అడ్జస్టబుల్ రీమర్ కొని, దాని చివర ఇఎన్8 ఉక్కు కడ్డీతో తోక చేశాను. తోక మీద జారే శంకువు ఆకారపు కాలర్ రెండో బుష్ మూతిలో కూర్చుంటుంది. అప్పుడు రీమర్ రెండు బుష్‌ల మధ్య గీత వెంటే నడుస్తుంది. ఒక బుష్ పూర్తయ్యాక తిరగేసి, శంకువు తీసి, ఆ బుష్‌కు సరిపోయే తిన్నని స్లీవ్ పెట్టి రెండోది కోయాలి. ఒక్కో విడతకు 0.02 మి.మీ. మించకూడదు. లోపలికి పోయేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ గడియారం దిశలోనే తిప్పాలి, వెనక్కి తిప్పితే పళ్లు మొద్దుబారతాయి. పిన్నుకు 0.02 నుంచి 0.04 మి.మీ. ఖాళీ చాలు. నూనె రాసి బొటనవేలితో నొక్కితే నా పిన్ను రెండు బుష్‌ల గుండా ఎక్కడా ఆగకుండా దిగింది. ఏ షాపు పనితోనైనా పోల్చుకోవచ్చు, నాకు బెంగ లేదు.

బండి బరువు మోసే థ్రస్ట్ బేరింగ్‌ను మూత ఉన్న వైపు పైకి పెట్టాలి, లేకపోతే నీళ్లు దిగుతాయి. పైకీ కిందికీ ఉన్న వదులును షిమ్‌లతో (పలచని వాషర్లతో) తీసేయండి: 0.10 మి.మీ. ఫీలర్ ఆకు (సందు కొలిచే పలచని రేకు) దూరకూడదు, స్టబ్ యాక్సిల్ చేత్తో తేలిగ్గా తిరగాలి. గ్రీజు కొట్టేది చక్రం గాల్లో ఉండగానే, స్టీరింగ్ ఇటూ అటూ తిప్పుతూ, పైనా కిందా కొత్త గ్రీజు బయటికి వచ్చేదాకా. ఆ తర్వాత టో-ఇన్ (ముందు చక్రాల ముందంచులు కాస్త లోపలికి తిరిగి ఉండే కొలత) చూపించుకోండి.